ఉప్పు లేని రొట్టె, మొదటి ముక్క

ముప్పై ఆరేళ్లకే రిటైర్మెంటా అని నవ్వేవాళ్లు నవ్వండి, నేనేమీ అనుకోను. పదకొండేళ్లు, రోజుకు పది గంటలు, హోటల్లో మెట్లెక్కుతూ దిగుతూ పళ్లేలు మోసిన మోకాళ్లు నావి. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇవి నీ వయసు మోకాళ్లు కావు, మీ అమ్మవి అయ్యుంటయి" అంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, "నా మోకాళ్లు మంచిగనే ఉన్నయ్, నడిమిట్ల నన్నెందుకు గుంజుతానవ్?" అని అమ్మకు కోపమొచ్చింది. అట్లా పని మానేశాను.

నా జాగాలోకి నలుగురు అమ్మాయిలు కొత్తగా చేరారు. మా ఓనరు, మా చెఫ్ రెండూ ఒక్కరే, యూసుఫ్ సార్. "నువ్వు మాట్లాడుడు మొదలు పెడ్తె ఆగవు గదా స్వరూపా. అదేదో కాగితం మీద పెట్టి ఆ పిల్లలకియ్యి, వాళ్లకన్న పనికొస్తది" అన్నారు. పదో తరగతి తర్వాత నేను పెన్ను పట్టిందంతా ఆర్డర్లు రాసుకోవడానికే. కాబట్టి తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఎప్పుడు వెయిటర్ల మీద కెప్టెన్‌ని అయ్యాను, ఏ సర్టిఫికెట్ వచ్చింది, అవేవీ రాయను. మీకు పనికొచ్చేది నేను చేసిన ఒక తప్పు. అదే రాస్తాను.

ఇటలీ హోటల్

హన్మకొండలో పాత రెండంతస్తుల ఇల్లు. కింద వంట, పైన పది టేబుళ్లు, తెల్ల గుడ్డలు. బోర్డు మీద నోరు తిరగని పేరేదో ఉంటుంది గానీ ఆటోవాళ్లకు అది "ఇటలీ హోటలే". మొదట్లో రోజుకు ఒక్కరైనా పైకొచ్చి, "దమ్ బిర్యానీ ఉన్నదా?" అని అడిగి, లేదంటే మమ్మల్ని జాలిగా చూసి దిగిపోయేవారు.

యూసుఫ్ సార్ ఇక్కడే పుట్టి పెరిగారు. పొట్ట చేత పట్టుకుని పోయి ఇటలీలో ఫ్లోరెన్స్ అనే ఊళ్లో తేలారు. ఓ హోటల్లో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి, పద్దెనిమిదేళ్ల తర్వాత పొయ్యి దగ్గర పెద్దవంటవాడయ్యారు. ఆయనకు పని నేర్పింది లూచియా అనే పెద్దావిడ. లూచియామ్మ అంటారు.

"ఎట్లుంటది సార్ ఆ ఊరు?" అని అడిగితే, "మన ఖిల్లా లోపట జనం కాపురముంటలేరా? గట్లనే. వందల ఏండ్ల రాళ్ల నడుమ బట్టలారేసుకుంటరు, కొట్లాడుకుంటరు, తింటరు" అనేవారు. ఆ సందుల్లో పది టేబుళ్ల హోటళ్లుంటాయట. తాత తిన్న కుర్చీలో మనవడు తింటాడట. వడ్డించేవాళ్లలో సగం మంది తల నెరిసినవాళ్లేనట. అది నాకు బాగా నచ్చింది. మన దగ్గర వడ్డించడమంటే ఇంకో పని దొరికేదాకా చేసే పని. అక్కడ అది జుట్టు తెల్లబడేదాకా చేసే పని.

నేను చేరతానంటే మా ఇంట్లో పెద్ద నవ్వులాట అయింది. మా నాన్న కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. "ఇంట్ల నాలుగు గిన్నెలు కడుగుమంటె నడుం నొస్తది, హోటల్ల వడ్డిస్తదట!" అంది అమ్మ. నాన్న మగ్గం మీద నుంచి తలెత్తకుండా, "పోనియ్యే, ఆడ తిట్లు తింటె తెలుస్తది" అన్నాడు.

తిట్లు తిన్నాను. మొదటి వారంలోనే ఒక టేబుల్ మీద ఖాళీ అయిన పళ్లెం కనిపించగానే చురుగ్గా తీసేశాను. మెచ్చుకుంటారనుకున్నాను. యూసుఫ్ సార్ నన్ను కిందికి పిలిచి, "మీ ఇంట్ల పెండ్లికి పంక్తిల కూసున్నప్పుడు, పక్కాయన తింటాంటె నీ విస్తరి గుంజుకపోతె ఎట్లుంటది?" అని అడిగారు.

"కొట్లాటైతది సార్."

"అంతే. ఆఖరి మనిషి చెంచా కింద పెట్టేదాకా టేబుల్ మీద ఒక్క పళ్లెం లేవొద్దు. ఫ్లోరెన్స్‌ల నాకు ఇదే నేర్పిన్రు. నేర్పుతాంటె నాకు మన పంక్తే యాదికొచ్చింది."

కొత్తగా వచ్చిన పిల్లలూ, మిగతాదంతా మరిచినా ఇది మరవకండి.

తిండి ఒకదాని తర్వాత ఒకటి వస్తుందని జనాన్ని ఒప్పించడానికి ఇంకో ఏడాది పట్టింది. నర్సంపేట నుంచి పత్తి వ్యాపారం చేసే ఒకాయన కుటుంబంతో వచ్చాడు. మొదటి పళ్లెం చూసి, "ఏందమ్మా, ఆకలైతాందని ఒస్తె తడవకు చెంచెడు పెడ్తానవ్, ప్రసాదమా?" అన్నాడు. నాలుగో పళ్లేనికి బెల్టు వదులు చేసుకున్నాడు. అంతా ఇట్లానే నవ్వులాటగా గడిచేది, ఒక్క రొట్టె తప్ప.

చప్పిడి రొట్టె

ఫ్లోరెన్స్‌లో రొట్టెలో ఉప్పు వేయరు. మరిచిపోయి కాదు, తరతరాలుగా అంతే. యూసుఫ్ సార్ కూడా రోజూ పొద్దున్నే తన చేత్తో అట్లాంటి రొట్టే కాల్చేవారు. పైన పెంకులా కరకర, లోపల మెత్తన, ఉప్పు మాత్రం సున్నా. అతిథి కూర్చోగానే ముందు వెళ్లేది రొట్టె బుట్టే. అంటే ముందు వచ్చేది తిట్టే.

"ఉప్పు మర్చిపోయిన్రా?"

"ఇంత పెద్ద హోటల్ పెట్టిన్రు, ఉప్పు కొననీకి చేతగాలేదా?"

ఒక పెద్దావిడ బుట్టను దూరంగా జరిపి, "చప్పిడి కూడు రోగులకు పెడ్తరు బిడ్డా, చుట్టాలకు పెట్టరు" అంది మెల్లగా. అరిచినవాళ్ల మాటలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఎంత మంచి కుర్చీ వేసినా, మన ఇంటికి వచ్చిన మనిషికి చప్పిడిది పెట్టి పంపిస్తున్నామనిపించేది.

సార్‌కు చెప్తే వినేవారు కాదు. "తెలిసినోళ్లు తింటరు" అనేవారు. ఆయన మంచి వంటవాడు, మంచి మనిషి. కానీ ఒక మాట రాస్తాను, చదివి తిట్టుకున్నా సరే. తన వంట గురించి అతిథికి వివరించి చెప్పడం ఆయనకు నామోషీ. టేబుల్ దగ్గర నిలబడి చివాట్లు తినేది మేము.

చిన్న గిన్నె

ఆ రొట్టెను తిట్టని మనిషి ఒకాయన ఉండేవాడు. నర్సయ్య తాత. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇల్లు. గుండె డాక్టరుకు చూపించుకోవడానికి రెండు వారాలకోసారి శనివారం పొద్దున రైలెక్కి భార్య సత్తెమ్మవ్వతో వచ్చేవాడు. చూపించుకున్నాక మధ్యాహ్నం మా దగ్గర భోజనం. ఆయనకు ఉప్పు పూర్తిగా బంద్. యూసుఫ్ సార్ ఆయన వంటకాలు విడిగా చేసేవారు.

ఓ రోజు నేను బుట్ట పెడుతుంటే తాత అన్నాడు: "ఇంట్ల నాకు చిన్న గిన్నెల వేరే వండుతది మీ అవ్వ. మనుమలు 'తాత గిన్నె, తాత గిన్నె' అని దాన్ని ముట్టరు. గీ రొట్టె ఒక్కటే బిడ్డా, పక్క టేబులోళ్లకు పెట్టిందే నాకు పెడ్తరు. ఇది తిన్నంతసేపు నేను రోగిని కాదు."

"మాటలు సాలు, తిను. రైలు పోతది" అంది అవ్వ.

మిగిలిన ముక్కలు కట్టించుకుని పోయేవాడు. రెండు రోజులొస్తాయని.

నేను చేసిన పని

రొట్టె ముక్కల మీద ఆలివ్ నూనె రాసి పంపడం మా వెయిటర్ల పని. ఓ ఆదివారం మూడు టేబుళ్లు వరసపెట్టి తిట్టాయి. ఒకాయన ముక్కను నేలకేసి కొట్టాడు. అది మెట్ల మీద దొర్లుకుంటూ పోయి వంటింటి గడప దగ్గర ఆగింది. యూసుఫ్ సార్ వంగి ఎత్తుకుని, తుడిచి, పక్కన పెట్టారు. ఆ ముఖం చూశాక నేను ఆగలేకపోయాను. మర్నాడు నూనె గిన్నెలో మెత్తటి ఉప్పు కలిపాను.

ఉప్పు నూనెలో కరగదు. కుంచె ముంచినప్పుడల్లా అడుగు నుంచి కలిపి రాసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. తిట్లు ఆగిపోయాయి, ఎట్లా ఆగాయంటే కుళాయి కట్టేసినట్టు. బుట్టలు ఖాళీగా తిరిగి వస్తున్నాయి. "ఇంకొంచెం రొట్టె తే చెల్లె" అంటున్నారు.

మూడు వారాలు. యూసుఫ్ సార్ రోజూ ఖాళీ బుట్టలు చూసి మురిసిపోయేవారు. ఒక మధ్యాహ్నం ఫోన్లో లూచియామ్మతో ఇటలీ భాషలో గలగలా మాట్లాడి, పెట్టేశాక కళ్లు తుడుచుకున్నారు. "చెప్పిన స్వరూపా. మా ఊరోళ్లు నీ రొట్టె నేర్చుకున్నరు అని చెప్పిన" అన్నారు. ఇప్పుడు చెప్పేస్తే ఆయన సంతోషం పోతుంది కదా అని ఊరుకున్నాను. అసలు సంగతి అది కాదు, భయపడ్డాను.

ఆ మూడు వారాల్లో నర్సయ్య తాత రెండుసార్లు వచ్చాడు. నిజంగా చెప్తున్నాను, ఆయన బుట్టలో ముక్కలకు నూనె రాసేటప్పుడు నాకు ఆయన గుండె గుర్తు రాలేదు. చెయ్యి అలవాటు పడిపోయింది. "ఇయ్యాల రొట్టె మస్తుగున్నది బిడ్డా, ఇంకో రెండు తే" అన్నాడు. నేను పరుగెత్తి తెచ్చాను. ఎక్కువే కట్టి ఇచ్చాను కూడా.

రెండోసారి వచ్చి వెళ్లిన మూడో రోజు సత్తెమ్మవ్వ ఫోన్ చేసింది. యూసుఫ్ సార్ చేతులకు పిండి ఉందని స్పీకర్ పెట్టారు.

"కాళ్లు బూరెల్లెక్క ఉబ్బినయ్ సారూ, ఊపిరాడ్తలేదు. హన్మకొండ దవాఖానల వేసిన్రు. నేను ఇంట్ల ఉప్పు డబ్బకు తాళమేసి పెట్టుకున్న. పక్కింట్ల మామిడికాయ తొక్కు దొంగతనంగ తిన్నడు ఈ ముసలోడు. తిన్నవా అంటె ఒట్లు పెడ్తాండు! అబద్ధాలు కూడ మొదలువెట్టిండు ఈ వయసుల. మీ కాడ ఏమన్న తిన్నడేమోనని..."

"మా దగ్గర కాదమ్మా" అన్నారు సార్, గుండె మీద చెయ్యి వేసుకున్నంత ధీమాగా. "మా రొట్టెల ఉప్పే ఉండదు."

నేను నాలుగడుగుల దూరంలో కుంచె పట్టుకుని నిలబడి ఉన్నాను.

వట్టి అన్నం

ఫోన్ పెట్టేశాక చెప్పాను. ఏడుస్తూ, అడ్డదిడ్డంగా, నూనె గిన్నె చూపిస్తూ. యూసుఫ్ సార్ వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. నేను తిట్ల కోసం ఎదురు చూశాను. ఆయన పక్క పొయ్యి మీద మా స్టాఫ్ కోసం వండిన అన్నం ఒక పళ్లెంలో పెట్టి నా ముందుకు తోశారు. కూర లేదు, పప్పు లేదు.

"తిను."

"వట్టి అన్నం ఎట్ల తినాలె సార్?"

"ఎందుకు, ఏం తక్కువైంది?"

"కూర లేదు గద."

"ఉప్పు లేదు అంటలేవేంది మరి? మీ అమ్మ అన్నంల ఉప్పేస్తదా?"

వేయదు. మా అమ్మే కాదు, నాకు తెలిసిన ఎవరి అమ్మా వేయదు. ఉప్పంతా పప్పులో, తొక్కులో ఉంటుంది, అన్నం చప్పగా ఉండి వాటిని మోస్తుంది. ఆ రొట్టె ఫ్లోరెన్స్ వాళ్ల అన్నం. రెండేళ్లుగా బుట్టలు మోస్తున్నాను, ఈ ఒక్క ముక్క నా తలకు తట్టలేదు.

"గీ మాట మీరు ముందే చెప్పుంటె, నేను ఒక్కో టేబుల్ కాడ చెప్పేదాన్ని గద సార్" అన్నాను, ఏడుపులోనే కోపం వచ్చి.

ఆయన పిండి చేతులు కడుక్కున్నారు. "అవు. చెప్పలే. అది నా తప్పు. నీది నీ తప్పు. నడువ్, స్కూటర్ తీస్త. నువ్వు చెప్పాల్సింది నాకు కాదు."

దవాఖాన

తాత దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ముక్కు దగ్గర గొట్టం. అవ్వ స్టూలు మీద ఆయనకు వీపు తిప్పి కూర్చుంది. ఇద్దరికీ మాటలు లేవని చూడగానే తెలిసింది. దారంతా అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, "తాతా, తొక్కు కాదు. ఉప్పు నేనేసిన. రొట్టె మీద" అన్నాను.

అవ్వ లేచింది. ఏమేం తిట్టిందో రాయను. ఒక్కటీ ఎక్కువ కాదు. "మనిషి పాణం తీస్తువు గదనే! నవ్వుకుంట కట్టిచ్చినవ్ గదనే పొట్లం!" పక్క మంచాల వాళ్లంతా లేచి చూశారు. యూసుఫ్ సార్ నాకు అడ్డం రాలేదు, నా పక్క నుంచి జరగనూ లేదు.

తాత గొట్టం కొంచెం పక్కకు జరుపుకుని, ముందు భార్య వైపు తిరిగాడు. "విన్నవా? నేను తొక్కు దొంగను కాదు!"

"ఊపిరి తీస్కో ముందు" అంది అవ్వ. గొంతు మారిపోయింది. కొంగుతో ముఖం కప్పుకుంది.

తర్వాత నన్ను అడిగాడు: "ఎందుకేసినవ్ బిడ్డా?"

"అందరు తిడ్తాన్రని తాతా."

"నేను తిట్టిన్నా?"

"లేదు."

"మరి?"

అరిచే మూడు టేబుళ్లే నా చెవిలో పడ్డాయి. ఏమీ అనకుండా తిని, మిగిలింది మూట కట్టుకుని పోయే ఆయన పడలేదు. పిల్లలూ, మీ పది టేబుళ్లలో ఒకదాని దగ్గర ఎప్పుడూ ఒకరు నోరెత్తకుండా తింటూ ఉంటారు. మీరు ఏ మార్పు చేసినా ముందు వాళ్ల పళ్లెం వైపు చూడండి.

డాక్టరు రొట్టె ఒక్కటే కారణమని అనలేదు, కాదని కూడా అనలేదు. ఐదు రోజులకు ఇంటికి పంపారు. ఆ ఐదు రోజులూ మా అమ్మ ఉప్పు లేని జావ కాచి ఇస్తే నేను మోసుకుపోయాను. మూడో రోజు నుంచి అవ్వ గిన్నె అందుకోవడం మొదలుపెట్టింది. ఐదో రోజు, "మీ అమ్మ జావ మంచిగ కాస్తది. నీకే బుద్ధి లేదు" అంది.

నా ఉద్యోగం పోతుందనుకున్నాను. యూసుఫ్ సార్ నెల రోజులు నన్ను టేబుళ్ల దగ్గరికి పోనివ్వలేదు, తెల్లవారుజామునే రమ్మని తన పక్కన నిలబెట్టి రొట్టె పిసికించారు. లూచియామ్మకు ఫోన్ చేసి నిజం కూడా చెప్పారు. అవతల ఆవిడ నవ్వు నాకు వినపడింది. సార్ నాకు తెలుగులో చెప్పారు: "లూచియామ్మ పెనిమిటి వేరే ఊరాయనట. బతికినన్ని రోజులు జేబుల ఉప్పు పొట్లం పెట్టుకుని తిరిగిండట, గీ రొట్టె తినలేక."

మళ్లీ టేబుళ్ల దగ్గరికి వెళ్లిన రోజు ఒకాయన, "ఏందమ్మా, ఉప్పు లేదు" అన్నాడు. "అన్నంల ఉప్పేస్తమా పెదనాన్నా? వెనుక పులుసు వస్తాంది, అద్దుకోని తినుండ్రి" అన్నాను. ఆయన భార్య వైపు చూసి, "అవునే" అన్నాడు. అందరూ వినరు. పదిలో ముగ్గురు ఇప్పటికీ తిడతారు. వాళ్ల టేబుల్ మీద ఉప్పు డబ్బా పెట్టండి, చేత్తో వాళ్లే వేసుకుంటారు. మీ చేత్తో మాత్రం వేయకండి.

మొదటి ముక్క

తాత మళ్లీ వస్తాడనుకోలేదు. రెండు నెలల తర్వాత ఓ శనివారం మెట్ల మీద ఆయన కర్ర చప్పుడైంది. నేను బుట్ట పెట్టాను. ఆయన మొదటి ముక్క విరిచి నాకు అందించాడు.

"ముందు నువ్వు తిను. నీ మీద నమ్మకం లేదు."

అతిథి బల్ల దగ్గర వెయిటరు నోట్లో ఏదీ పెట్టుకోకూడదు, అది మా రూలు. తాతను చూడ్డానికి పైకొచ్చిన యూసుఫ్ సార్ వైపు చూశాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. తిన్నాను. "లేదు తాతా" అన్నాను. అప్పుడు తిన్నాడు.

అప్పటి నుంచి తొమ్మిదేళ్లు, ఆయన వచ్చిన ప్రతిసారీ ఇదే. మొదట్లో నాకు సిగ్గయ్యేది. తర్వాత పక్క టేబుళ్ల వాళ్లు నవ్వేవారు, మేమూ నవ్వేవాళ్లం. కానీ ఆయన ఒక్కసారి కూడా ముక్క అందించడం మరవలేదు, నేను ఒక్కసారి కూడా నమలకుండా "లేదు" అనలేదు.

నా ఆఖరి రోజు శనివారం పెట్టుకున్నాను, ఆయన కోసమే. యూసుఫ్ సార్ నా యూనిఫాం మార్పించి, తాత టేబుల్ దగ్గరే నాకో కుర్చీ వేయించారు. పదకొండేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. కొత్త పిల్ల రుబీనా బుట్ట తెచ్చి పెట్టి, గోడ పక్కకు వెళ్లి నిలబడింది. తాత మొదటి ముక్క విరిచాడు. నేను అలవాటుగా చెయ్యి చాచాను.

ఆయన దాన్ని తన నోట్లో పెట్టుకున్నాడు.

"ఏందయ్యా, పిల్ల తిననే లేదు" అంది అవ్వ.

"తొమ్మిదేండ్ల సంది తింటాంది గదా. ఇంకెన్నొద్దులు పరీక్ష పెట్టాలె?" అన్నాడు నములుతూ. చాచిన నా చేతిలో రెండో ముక్క పెట్టాడు.

ఆ పూట నేను వంచిన తల ఎత్తకుండా తిన్నాను, గబగబా. తాత మెల్లగా తింటాడు, పళ్లు నాలుగే మిగిలాయి. నా పళ్లెం ఖాళీ అయి చాలాసేపైంది. తలెత్తి చూస్తే రుబీనా కళ్లు నా పళ్లెం మీదే ఉన్నాయి, చేతులు మాత్రం వెనక్కి కట్టుకుని ఉంది. తాత చెంచా కింద పెట్టేదాకా ఆ పిల్ల అడుగు కదపలేదు.